వృకోదరుడి వృకం ప్రాగ్‌లో, మన 'మనం' సెబూలో

చెక్ భాషలో తోడేలుని 'వ్ల్క్' అంటారు. ఇందులో అచ్చు ఎక్కడుందా అని వెతక్కండి, లేదు. మధ్యలో ఉన్న 'ల్' శబ్దమే అచ్చు పని చేస్తుంది. చిన్నప్పుడు ఋ, ౠ తర్వాత ఌ, ౡ అని బట్టీపట్టి, వాటితో ఒక్క మాట కూడా రాయకుండానే బడి దాటేశాం కదా, అలాంటి ఌ శబ్దం ఇవాళ్టికీ రోజువారీ మాటల్లో వినిపించే చోట్లలో చెక్ దేశ రాజధాని ప్రాగ్ ఒకటి. 'ర్' కూడా అంతే. అచ్చు ఒక్కటీ లేని వాక్యమని చెక్ వాళ్లు ముచ్చటగా చెప్పుకునేది ఒకటుంది: స్తృచ్ పృస్త్ స్కృస్ కృక్. 'గొంతులోకి వేలు దూర్చు' అని అర్థం. రోమన్ లిపిలో చూస్తే భయమేస్తుంది కానీ మన వట్రసుడితో ఎంత చక్కగా కుదిరిందో చూడండి. కాకపోతే 'రు' అనకుండా నాలుకని 'ర్' దగ్గరే ఆపాలి.

ఈ వ్ల్క్ మనకి బొత్తిగా కొత్త కాదు. భీముడికి వృకోదరుడని పేరుంది, తోడేలు లాంటి పొట్ట ఉన్నవాడని. ఆ సంస్కృత వృకం, ఈ వ్ల్క్ ఒకే మూలం నుంచి వచ్చాయి, ఎందుకంటే చెక్, సంస్కృతం రెండూ ఇండో-యూరోపియన్ కుటుంబంలోవే. చెక్‌లో తేనె 'మెద్', మనకి తెలిసిన మధు. ఆకాశం 'నెబె', అంటే నభస్సు. ఎలుగుబంటిని 'మెద్వ్యెత్' అంటారు, తేనె తినేదని.

ఇక సెబువానో. ఫిలిప్పీన్స్‌లో సెబూ, బొహోల్ దీవుల్లోనూ మిండనావోలో చాలా భాగంలోనూ మాట్లాడే భాష ఇది. చెక్ మాట్లాడేవాళ్లు సుమారు 1 కోటి ఉంటే, వీళ్లు దాదాపు 2 కోట్లు. మిండనావోలోని దవావో నగరంలో ఎంబీబీఎస్ చదివే మన పిల్లలు హాస్టల్ దాటి బయటికొస్తే చెవిన పడేది ఎక్కువగా ఇదే, అక్కడ బిసాయా అంటారు. మడగాస్కర్ నుంచి హవాయి దాకా సముద్రమంతా పరుచుకున్న ఆస్ట్రోనేషియన్ కుటుంబం దీనిది. 1521లో నావికుడు మాగెల్లాన్ ఓడల్లో వచ్చిన ఇటలీ యాత్రికుడు పిగాఫెట్టా సెబూలో సుమారు 160 మాటలు విని రాసుకున్నాడు, అందులోని అంకెలు ఇప్పటి సెబూ పిల్లలు కూడా గుర్తుపడతారు.

సెబువానో తెలుగుకి ఏ వైపు నుంచీ చుట్టం కాదు. అయినా నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఇక్కడే ఉంది. వాళ్లకి 'కితా' అంటే మనం, 'కామి' అంటే మేము! వాడుకలో ఇవి 'త', 'మి' అని పొట్టివవుతాయి. అన్నాల వేళ 'మంగాఓన్ త' అన్నారంటే మిమ్మల్నీ కలుపుకుని తిందాం రమ్మంటున్నారు. 'నంగాఓన్ న మి' అంటే మేం తినేశాం, మీ సంగతి వేరు. మనవైపు ఐదేళ్ల పిల్ల కూడా పొరపాటు పడని ఈ తేడా చెక్‌లో లేదు, రెండింటికీ ఒకటే మాట. ఆ మాట పలకడానికి 'మి' లాగే ఉంటుంది, కానీ ఇది వట్టి కాకతాళీయం. ఒక్క మాట కలిసిందని చుట్టరికం కలిపేయకూడదు. చుట్టరికం ఉంటే పదులకొద్దీ మాటల్లో శబ్దాలు ఒకే పద్ధతిలో మారి కనిపిస్తాయి.

ఇప్పుడు ఒక చిన్న వాక్యం తీసుకుందాం: కుక్క మనిషిని కరిచింది. చెక్‌లో 'పెస్ కౌసుల్ ముఝె'. తిప్పి 'ముఝె కౌసుల్ పెస్' అన్నా కరిచింది కుక్కే, ఎందుకంటే 'ముష్' అనే మాట 'ముఝె' అయిందంటే మన 'ని' విభక్తి పడినట్టే. మనిషే కుక్కని కరిస్తే 'పెస్' కాస్తా 'ప్స' అయిపోతుంది, మధ్యలో అచ్చు ఎగిరిపోతుంది! అలా ఏడు విభక్తులు, మనం బడిలో చదివినన్నే.

సెబువానోలో నామవాచకం చెక్కుచెదరదు. భారమంతా క్రియ మీద, మాట ముందు నిలబడే చిన్న ముక్కల మీద ఉంటుంది. 'మిపఅక్ అంగ్ ఇరో ఒగ్ తావో' అంటే ఆ కుక్క ఎవరో మనిషిని కరిచింది, కథ కుక్కది. 'గిపఅక్ స ఇరో అంగ్ తావో' అంటే ఆ మనిషిని కుక్క కరిచింది, కథ మనిషిది. 'అంగ్' ఎవరి పక్కన ఉంటే మాట వాళ్ల గురించి. వాళ్లు ఆ పని చేశారా, లేక పని వాళ్ల మీద జరిగిందా అన్నది క్రియ ముందున్న 'మి', 'గి' చెబుతాయి. దీన్ని మన పుస్తకాల్లోని 'కరవబడెను'తో పోల్చకండి. అది ఎవరి నోటా రాదు, ఇది వాళ్లు పొద్దున లేస్తే వాడే మాట.

లింగం విషయానికొస్తే సెబువానోలో అతనైనా ఆమైనా 'సియా'నే. చెక్‌లో మాత్రం 'నేను వెళ్లాను' అనడానికి కూడా ఆడవాళ్లు ఒకలా, మగవాళ్లు ఇంకోలా చెప్పాలి.

ఫిలిప్పీన్స్‌లో 2012 నుంచి చిన్న తరగతుల్లో అమ్మభాషలోనే పాఠాలు చెప్పాలనే విధానం ఉండేది, 2024లో కొత్త చట్టం ఆ తప్పనిసరిని తీసేసింది. నాకది బాధగా అనిపించింది. చెక్ కన్నా రెట్టింపు మంది మాట్లాడే భాషకి తన పిల్లల బడిలోనే చోటు గ్యారంటీ లేదు.

మూడు భాషలూ ఒక్కచోట కలిసే చిన్న ముక్క ఇంకొకటుంది. 'వచ్చాడట' అంటాం కదా, ఆ 'ట'. నేను చూడలేదు, ఎవరో అంటే విన్నాను అన్నదంతా ఒక్క అక్షరంలో చెప్పేస్తాం. చెక్ వాళ్లు దీనికి 'ప్రీ' అని ముందు చేరుస్తారు. సెబువానోలో 'కునో': 'మిఅబోత్ కునో సియా', వచ్చాడట. దవావోలో ఉన్న పిల్లలు ఈసారి ఎవరి మాటలోనైనా 'కునో' వినిపిస్తే, ఆ కబురు చెప్పేవాళ్లు కళ్లారా చూసింది కాదని తెలుసుకోవచ్చు.