నెమ్మదైన సాలీడును తెచ్చుకునే ముందు

విశాఖపట్నం

పిల్లలూ,

టరాంటులా అనే పెద్ద బొచ్చు సాలీడును పెంచుకుంటామనేసరికి ఇంట్లో అమ్మావాళ్లు హడలిపోయారని రాశారు. అది కరుస్తుందా అని అడిగారు. కరుస్తుంది. అయితే నెమ్మదైన రకం తెచ్చుకుంటే దానివల్ల మీకు జరిగే హాని కన్నా మీవల్ల దానికి జరిగే హానే ఎక్కువ. ఈ ఉత్తరమంతా దాని గురించే.

ముందుగా, మన దేశపు టరాంటులాల జోలికి పోకండి. మెరుపు వేగంతో పరిగెడతాయి, విషం కూడా గట్టిది. మన రాష్ట్రంలోనే నీలంగా మెరిసే గుత్తి సాలీడు ఉంది. 1899లో దాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశారు. ఇప్పుడది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవుల్లో కాస్త జాగాలోనే మిగిలి, అంతరించే అంచున ఉంది. అలాంటిదాన్ని డబ్బాలో పెట్టి అమ్ముతుంటే కొనకూడదు. మన కంబాలకొండ అభయారణ్యంలో కూడా ఏ పురుగునూ పట్టి తేకూడదు.

కొత్తవాళ్లకు నప్పేవి అమెరికా ఖండాల రకాలు. వాటి విషం సాధారణంగా తక్కువ. బెదిరితే వెనక కాళ్లతో పొట్ట మీది నూగును రాల్చి విసురుతాయి. అది ఒంటికి తగిలితే దురదగొండి తగిలినట్టే ఉంటుంది, కంట్లో పడితే డాక్టరు దగ్గరికి పరిగెత్తాల్సిందే. వాటిలో పొట్టి రకం చిలీ ఫ్లేమ్. పెద్దదయ్యాక కూడా కాళ్లు చాపితే ఏడెనిమిది సెంటీమీటర్లే. పొట్ట మీద ఎర్రటి మచ్చ, నడకలో మహా నిదానం. ఏళ్ల తరబడి పేరు లేకుండానే అమ్ముడుపోయిన ఈ సాలీడుకు 2018లో గానీ శాస్త్రీయ నామం పెట్టలేదు.

సాధువు కదా అని చేతిలోకి తీసుకోవాలనిపిస్తుంది. వద్దు. దానికి మీ మీద ప్రేమా ఉండదు, కోపమూ ఉండదు. మీ చెయ్యి దానికి నడిచే నేల, అంతే. దాని పొట్ట చర్మం చాలా పల్చన. మీరు ఉలిక్కిపడి చెయ్యి విదిలిస్తే మూడడుగుల ఎత్తునుంచి గచ్చు మీద పడి పగిలిపోతుంది. అందుకే డబ్బా కూడా ఎత్తు తక్కువగా ఉండాలి. అడుగున కొబ్బరి పొట్టు మందంగా అదిమి, దాక్కోవడానికి కుండపెంకు ఒకటి, నీళ్లకు సీసా మూత ఒకటి పెడితే చాలు.

నన్నడిగితే, దీన్ని పెంచడంలో అసలు సంగతి కుబుసం విడవడం. అంతకుముందు తిండి మానేస్తుంది, వారాలు, ఒక్కోసారి నెలలు. నూగు రాలి బోసిపోయిన చోట పొట్ట నల్లబడుతుంది. ఒకరోజు చూస్తే వెల్లకిలా పడుకుని ఉంటుంది. చచ్చిపోయిందనుకుని కదిపేరు, ముట్టుకోకండి! చచ్చిన సాలీడు కాళ్లు కిందికి ముడుచుకుని బోర్లా ఉంటుంది. ఇది మాత్రం కొత్త ఒళ్లు తొడుక్కుంటోంది. వీపు మీది పెంకు ఊడి లేస్తుంది. ఎనిమిది కాళ్లూ వాటి మీది వెంట్రుకలతో సహా కొంచెం కొంచెంగా బయటికి జారతాయి. లోపల పొట్టసంచి పొర కూడా పాతది వదిలి కొత్తది వస్తుంది. కోరలు తెల్లగా, మెత్తగా ఉంటాయి. అవి నల్లబడి గట్టిపడేదాకా, అంటే వారం పదిరోజులు, మేత వెయ్యకూడదు. ఆ సమయంలో డబ్బాలో మేతగా వేసిన కీచురాయి ఉంటే అదే సాలీడును కొరికి తినేస్తుంది.

మన ఇళ్లలో దీనికి పెద్ద ముప్పు దోమల మందు. కాయిల్స్, బొద్దింకల స్ప్రే, అపార్ట్‌మెంట్లో పెస్ట్ కంట్రోల్ వాళ్లు కొట్టే మందు, పురుగును చంపేది ఏదైనా దీన్నీ చంపుతుంది. వంటింట్లో తిరిగే బొద్దింకను పట్టి వెయ్యడమూ ప్రమాదమే, ఏ మందు తిని వచ్చిందో ఎవరికి తెలుసు?

ఇక విశాఖ ఎండ. చిలీ సాలీడుకు చల్లదనం కావాలి. మే నెల ఉక్కపోతలో కరెంటు పోతే ఏసీ మీద పెట్టుకున్న ఆశ కూడా పోతుంది. మీ ఇంట్లో వేసవిలో కూడా చల్లగా ఉండే మూల లేకపోతే ఆ రకం వద్దు. ట్రినిడాడ్, వెనెజువెలా వైపు దొరికే ఇంకో పొట్టి రకం ఉంది, నల్లటి పొట్ట మీద నారింజరంగు గుర్తుతో చూడముచ్చటగా ఉంటుంది. వేడీ తేమా దానికి అలవాటే. కానీ చురుకెక్కువ, బొరియ తవ్వుకుని లోపలే ఉంటుంది. రోజూ కంటికి కనబడాలనుకునేవాళ్లకు నిరాశే. వాతావరణం సరిపోవాలంటే ఇదే తెచ్చుకొమ్మంటాను, డబ్బా మూత తీసేటప్పుడు మాత్రం పక్కన పెద్దవాళ్లు ఉండాలి.

కొనేటప్పుడు, అడవిలో పట్టిందా, పెంపకంలో పుట్టిందా అని అడగండి. సూటిగా జవాబు చెప్పకపోతే వెనక్కి వచ్చేయండి. మన వన్యప్రాణి చట్టాన్ని 2022లో సవరించాక, అరుదైన జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం (సైటీస్) జాబితాలో ఉన్న విదేశీ జీవిని ఉంచుకుంటే ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. మెక్సికో ఎర్రమోకాళ్ల టరాంటులా ఆ జాబితాలోదే. బిల్లు, కాగితాలు ఉండాల్సిందే.

మగది పెద్దదయ్యాక ఎక్కువకాలం బతకదు. నిదానంగా పెరిగే రకంలో ఆడదైతే పదేళ్లు దాటుతుంది. మీరు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో చదువుకుంటుంటే ఇక్కడ దాని నీళ్లమూత నింపేది అమ్మే. అందుకని ఆవిడ మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి, మీ పోరు పడలేక కాదు. ముందు కీచురాళ్లు వారం వారం ఎక్కడ దొరుకుతాయో కనుక్కోండి. అది తేలాక రాయండి, డబ్బాకు గాలి కన్నాలు ఎక్కడెక్కడ పెట్టాలో బొమ్మ గీసి పంపుతాను.

మీ
తాతయ్య