కండక్టర్ లేని ఊరి నుంచి

బెర్లిన్,
ఏప్రిల్ 20

చిరంజీవి బుజ్జికి, చిన్నోడికి తాతయ్య దీవెనలు.

ఇక్కడ నేనూ నానమ్మా క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను.

వీసాలు వచ్చాయని మీ నాన్న ఫోన్ చేసిన దగ్గర్నుంచి మీ అత్త మీకోసం గది సర్దుతూనే ఉంది. నా ఆలోచన వేరే. మీ అత్తా మామయ్యా పొద్దున్నే ఆఫీసులకు పోతారు. నానమ్మ మోకాళ్ళు మెట్లంటే ఒప్పుకోవు. కాబట్టి మీకు ఊరు చూపించే డ్యూటీ నాదే. ఈ ఆరు వారాల్లో తిరిగి తిరిగి నేర్చుకున్నది ముందే రాసి పంపిస్తే, మీరొచ్చాక ప్లాట్‌ఫారం మీద నిలబడి పాఠం చెప్పే పని తప్పుతుంది. ఇంకొకటి, ఎప్పుడైనా మీరిద్దరూ నన్ను ఒదిలేసి వేరే పెట్టె ఎక్కేస్తే ఏం చెయ్యాలో మీకే తెలిసుంటుంది.

మీ అత్త వాళ్ళుండేది పాంకో అనే పేటలో. మొదటిరోజు అత్త నన్ను పాంకో స్టేషన్‌కి తీసుకెళ్ళింది. మెట్లు దిగాం, ప్లాట్‌ఫారం వచ్చేసింది. నేను గేటు కోసం చూస్తున్నాను. హైదరాబాద్ మెట్రోలో కార్డు ఆనిస్తే రెక్కలు తెరుచుకుంటాయి చూడండి, అలాంటిది ఎక్కడా కనిపించలేదు. అడ్డు కడ్డీ లేదు, వాచ్‌మన్ లేడు, టికెట్ అడిగే మనిషి లేడు. రైలు వచ్చింది, జనం ఎక్కారు, తలుపులు మూసుకున్నాయి. ముప్పై మూడేళ్ళు ఆర్టీసీలో కండక్టర్‌గా చేసినవాణ్ణి నేను. బస్సులో ఒక్క తల లెక్కకు తేలకపోయినా ప్రాణం కొట్టుకునేది. ఆ రోజు పెట్టెలో కూర్చున్నాను గానీ, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

టికెట్ కొనక్కర్లేదని మాత్రం అనుకోకండి. కొనాలి, ముద్ర కూడా వెయ్యాలి. ఈ రెండో సంగతే నా కొంప ముంచింది.

రెండో వారంలో ఒక్కణ్ణే బయల్దేరాను. మిషన్ దగ్గర డబ్బులేసి టికెట్ తీసుకున్నాను. నలగకుండా చొక్కా జేబులో పెట్టుకుని, కిటికీ పక్క సీట్లో దర్జాగా కూర్చున్నాను. రెండు స్టేషన్లు దాటాక జీన్స్ ప్యాంటు వేసుకున్న కుర్రాడూ, వీపున బ్యాగున్న అమ్మాయీ లేచి నిలబడి మెడలో కార్డులు బయటికి తీశారు. అప్పటిదాకా వాళ్ళూ మనలాంటి ప్రయాణికులే అనుకున్నాను. "ఫార్‌షైనె, బిట్టె" అన్నారు. టికెట్లు చూపించండి అని. చూపించాను. ఆ అమ్మాయి టికెట్‌ను ఇటు తిప్పింది, అటు తిప్పింది. ఆ తిప్పడం నాకు బాగా తెలుసు, అది నా చెయ్యే! ముద్ర ఏదని అడిగింది. కొన్నాను కదా అన్నాను. వచ్చీరాని ఇంగ్లీషులో నేనూ కండక్టర్నే తల్లీ అని కూడా చెప్పుకున్నాను. నవ్వింది, మర్యాదగానే మాట్లాడింది, అరవై యూరోల చీటీ రాసి చేతిలో పెట్టింది.

రాత్రి మంచం మీద పడుకుని ఆలోచిస్తే తప్పు నాదేనని తేలింది. ముద్ర పడని టికెట్‌తో ఇవాళా తిరగొచ్చు, రేపూ తిరగొచ్చు. మన పాత టికెట్ల మీద స్టేజీ దగ్గర పంచ్ కొట్టేది అందుకే కదా. ఆ అమ్మాయి చోట నేనున్నా కేసు రాసేవాణ్ణే.

కాబట్టి వినండి. ప్లాట్‌ఫారం మీద మీ ఛాతీ ఎత్తున ఒక చిన్న డబ్బా ఉంటుంది. దాని నోట్లో టికెట్ దూర్చితే టక్కుమని చప్పుడవుతుంది. బయటికి తీసి చూస్తే తేదీ, టైము, స్టేషన్ గుర్తు పడి ఉంటాయి. ట్రాముల్లో ఈ డబ్బా లోపలే ఉంటుంది, ఎక్కగానే కొట్టాలి. ఫోన్‌లో కొనే టికెట్‌కి ముద్ర అక్కర్లేదు, కానీ రైలెక్కక ముందే కొనాలి. తనిఖీవాళ్ళను చూశాక కొంటే చెల్లదు. ఆ ఎత్తు మన చెకింగ్ స్క్వాడ్ దగ్గరా పారలేదు, ఇక్కడా పారదు.

ఒక మామూలు టికెట్ రెండు గంటలు చెల్లుతుంది. ఆ రెండు గంటల్లో రైలు దిగి బస్సెక్కొచ్చు, బస్సు దిగి ట్రామెక్కొచ్చు, మధ్యలో దిగి ఐస్‌క్రీం తినొచ్చు. వెళ్ళిన దారినే వెనక్కి మాత్రం రాకూడదు. తిరుగు ప్రయాణానికి ఇంకో టికెట్. ఆరేళ్ళ లోపు పిల్లలకు టికెట్ లేదు, ఆరు నుంచి పద్నాలుగు దాకా తగ్గింపు ఛార్జీ, అంటే మీ ఇద్దరికీ. పెద్ద కుక్కలకు కూడా టికెట్ కొనాలి ఇక్కడ. నవ్వకండి, మన బస్సుల్లో కోళ్ళ గంపకు లగేజీ టికెట్ కొట్టిన చెయ్యి ఇది. కాకపోతే ఈ కుక్కలు సీటు కింద ముడుచుకుని, దిగేదాకా కిక్కురుమనకుండా కూర్చుంటాయి. ఆ కోళ్ళ గురించి చెప్పుకోకపోవడమే మంచిది.

ఊరిని ఎ, బి, సి అని మూడు వలయాలుగా విడగొట్టారు. నడిమధ్యది ఎ, దాని చుట్టూ ఊరి పొలిమేర దాకా బి, పొలిమేర బయట సి. అత్త వాళ్ళిల్లు బిలో ఉంది. మీరు దిగే ఎయిర్‌పోర్టు సిలో ఉంది. ఊళ్ళో తిరగడానికి ఎ-బి టికెట్ చాలు. ఎయిర్‌పోర్టుకి అది చాలదు, మూడూ ఉన్నది కొనాలి.

రైళ్ళు రెండు రకాలు. నీలం చదరంలో తెల్లటి 'యు' కనిపిస్తే ఊ-బాన్ ('యు'ని ఇక్కడ 'ఊ' అని పలుకుతారు). 1902లో మొదలైంది, ఎక్కువ భాగం భూమి కింద నడుస్తుంది. ఆకుపచ్చ గుండ్రంలో తెల్లటి 'ఎస్' ఉంటే ఎస్-బాన్, అది ఎక్కువగా నేల మీదే. అయితే మన పాంకో నుంచి వెళ్ళే ఊ2 రైలు కాసేపటికి భూమిలోంచి పైకొచ్చి, రోడ్డు మధ్యన ఇనుప స్తంభాల మీద పరుగెడుతుంది. కింద జనం వానలో తడవకుండా ఆ వంతెన నీడన నడుస్తారు. దాన్ని మున్సిపాలిటీ వాళ్ళ గొడుగని ఇక్కడివాళ్ళు ముద్దుగా పిలుస్తారట. ఎక్కేటప్పుడు కుడివైపు కూర్చోండి, అక్కణ్ణించి చూస్తే ఇళ్ళ రెండో అంతస్తు కిటికీల్లో పూలకుండీలు కనిపిస్తాయి.

ఏ రైలెక్కాలో ఎలా తెలుస్తుంది? ఇది మీకు కొత్త కాదు. మన బస్సుకి నెత్తిన బోర్డు ఉంటుంది కదా, చివరి ఊరి పేరుతో. ఇక్కడా అంతే. ఊ2కి ఒక చివర పాంకో, రెండో చివర రూలేబెన్. ఊళ్ళోకి పోవాలంటే రూలేబెన్, ఇంటికి రావాలంటే పాంకో. ఈ రెండు పేర్లూ నోటికి వచ్చే దాకా వల్లె వెయ్యండి. మనం దిగాల్సిన స్టేషన్ పేరు బోర్డు మీద ఉండదు, ఆ దారి కొస పేరే ఉంటుంది. "ఇది ఫలానా చోటికి పోతుందా?" అని అడిగితే తల బయటికి పెట్టి చెప్పడానికి కండక్టర్ లేడు కాబట్టి ఈ ఒక్కటి మీరే చూసుకోవాలి.

కొస లేని బండి కూడా ఒకటుంది. ఎస్41, ఎస్42 అని ఊరి చుట్టూ గుండ్రంగా తిరుగుతాయి. 41 గడియారం ముల్లు తిరిగినట్టు, 42 దానికి ఎదురు. 37 కిలోమీటర్లు, 27 స్టేషన్లు, ఒక చుట్టుకి గంట. చిన్నోడు తప్పిపోతే ఏదో ఒకటి ఎక్కి కూర్చున్నా గంటకి మళ్ళీ అక్కడికే వస్తాడు (నిజంగా అలా చెయ్యొద్దు, ఉన్నచోటే నిలబడు, నేనొస్తాను). ఆ దారిలో వెడ్డింగ్ అనే స్టేషన్ ఉంది. పెళ్ళికీ దానికీ సంబంధం లేదు, అదొక పేట పేరు.

ఆ చుట్టు మధ్యలో నలభై ఏళ్ళు తెగిపోయి ఉంది. 2002లో వెడ్డింగ్ దగ్గర మళ్ళీ కలిపారు. ఎందుకు తెగిందో చెప్పాలంటే గోడ కథ చెప్పాలి. ఈ ఊళ్ళో నేను ఎక్కువసేపు ఆలోచించింది ఆ గోడ గురించే.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఈ ఊరు తూర్పు, పడమర అని రెండయింది. తూర్పువాళ్ళు పడమరకి వెళ్ళిపోతున్నారని 1961 ఆగస్టు 13న తెల్లారేసరికి తూర్పు ప్రభుత్వం అడ్డంగా ముళ్ళకంచె వేసింది. తరవాత అది గోడయింది. రోడ్ల మీద గోడ కడతారు సరే, భూమి కింద రైళ్ళను ఏం చేస్తారు? ఇప్పుడు ఊ6, ఊ8 అంటున్న దారులు పడమరలో బయల్దేరి, తూర్పు కిందుగా పోయి, మళ్ళీ పడమరలో తేలతాయి. పడమటివాళ్ళు ఆ రైళ్ళు ఆపలేదు. తూర్పువాళ్ళకు ఏటా డబ్బు కట్టి నడిపారు. తూర్పు కిందున్న స్టేషన్లలో మాత్రం దాదాపు ఎక్కడా రైలు ఆగేది కాదు. పడమటి చివరి స్టేషన్లో ఇదే ఆఖరిదని మైకులో చెప్పేవాళ్ళు. తరవాత బండి నెమ్మదించి, మసక దీపాల ప్లాట్‌ఫారాలను ఒక్కొక్కటే దాటుకుంటూ పోయేది. అక్కడ తుపాకులు పట్టుకున్న కాపలావాళ్ళు తప్ప మనిషి పొడ ఉండేది కాదు. పైన మెట్లదారులు మూసేశారు. వాటికి దెయ్యాల స్టేషన్లని పేరొచ్చింది.

ఇరవై ఎనిమిదేళ్ళు అలా గడిచాయి. 1989 నవంబర్ 9న గోడ తెరుచుకుంది. రెండు రోజుల్లోనే, 11వ తేదీన, ఊ8 మీద యానోవిట్స్‌బ్రూకె అనే స్టేషన్ తలుపులు తీశారు. దెయ్యాల స్టేషన్లలో మొదట తెరిచింది అదే. నేనప్పటికి ఆర్టీసీలో చేరి ఐదేళ్ళు, తెనాలి గుంటూరు మధ్య టికెట్లు కొడుతున్నాను. గోడ పడిందని రేడియోలో విన్నట్టే గుర్తు, ఏ గోడో పట్టించుకోలేదు. మొన్న ఆ స్టేషన్లో దిగి బెంచీ మీద కూర్చున్నాను. మామూలు స్టేషనే. ఒక పెద్దావిడ సంచిలో క్యాబేజీ పెట్టుకుని రైలు కోసం చూస్తోంది. ఆమెది నాకంటే పెద్ద వయసే. అప్పుడు ఆమె ఇటువైపు ఉందో అటువైపు ఉందో అడగాలనిపించింది. భాష రాక ఊరుకున్నాను. బుజ్జీ, నువ్వొచ్చాక నోర్డ్‌బాన్‌హోఫ్ స్టేషన్‌కి తీసుకెళ్తాను. ఈ కథంతా అక్కడ ఫోటోలతో పెట్టారు.

గోడ పోయినా దాని జాడ ఇంకా మ్యాపులో కనిపిస్తుంది. ట్రాముల మ్యాపు తీసి చూడండి, గీతలు దాదాపు అన్నీ కుడివైపే, అంటే తూర్పువైపే. పడమటివాళ్ళు బస్సులుంటే చాలనుకుని ట్రాములు తీసేశారు. ఆఖరిది 1967 అక్టోబర్‌లో నడిచింది. తూర్పున ఉంచేశారు. ఇప్పుడు మళ్ళీ పడమరకి కొంచెం కొంచెం పట్టాలు వేస్తున్నారు. నన్నడిగితే ఈ ఊళ్ళో అన్నిటికంటే మంచి బండి ట్రామే. దిగుడు మెట్లుండవు, ఊరు కనిపిస్తుంది, గంట కొడుతుంది. పాంకోలో ఎక్కే 50 నంబరు ట్రాము బోర్న్‌హోల్మర్ స్ట్రాసె దగ్గర ఇనుప వంతెన దాటుతుంది. ఆ నవంబర్ రాత్రి జనం మొట్టమొదట దాటింది ఆ వంతెన మీదుగానే. దాని పక్కన జపాన్ వాళ్ళు చందాలు వేసుకుని పంపిన చెర్రీ చెట్లున్నాయి. నిన్న చూశాను, గులాబీ రంగు పూలు నేలంతా రాలి ఉన్నాయి. మీరొచ్చేసరికి ఆకులే మిగులుతాయి.

చిన్నోడికి నచ్చేవి రెండు దాచి ఉంచాను. ఒకటి 100 నంబరు బస్సు. పసుపుపచ్చ డబుల్ డెక్కర్, జూ దగ్గర ఎక్కితే పార్లమెంటు గాజు గుమ్మటం పక్కగా అలెగ్జాండర్‌ప్లాట్జ్ దాకా తీసుకొస్తుంది. పై అంతస్తులో ముందు సీటు మనదే. ముందు తలుపులోనే ఎక్కి డ్రైవర్‌కి టికెట్ చూపించాలి. ఎవరో ఒకరు టికెట్ చూసే బండి కాబట్టి నాకూ ఇష్టమే. రెండోది పడవ. ఎస్-బాన్‌లో వాన్‌జే దాకా వెళ్ళి ఎఫ్10 అనే పడవ ఎక్కితే, ఇరవై నిమిషాలు సరస్సు మీద పోయి అవతలి ఒడ్డున క్లాడోలో దింపుతుంది. దానికి వేరే టికెట్ లేదు, అదే ఎ-బి టికెట్!

చిన్న చిన్న సంగతులు కొన్ని. తలుపు దానంతటదే తెరుచుకుంటుందని నిలబడితే బండి వెళ్ళిపోతుంది, బొత్తాం నొక్కాలి. ముందు దిగేవాళ్ళను దిగనివ్వాలి. ఎస్కలేటర్ మీద కుడివైపు నిలబడాలి, ఎడమవైపు పరుగెత్తేవాళ్ళది. "త్సురూక్‌బ్లైబెన్, బిట్టె" అని వినిపించి తలుపు మీద ఎర్రదీపం వెలిగితే ఇక ఎక్కకూడదు. అది వీళ్ళ "రైట్ రైట్" అన్నమాట. బండి పోతే పోనివ్వండి, పగలైతే ఐదు పది నిమిషాల్లో ఇంకొకటి వస్తుంది. దాని కోసం పరుగెత్తి టెన్షన్ పడేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది. మన దగ్గర ఆఖరి బస్సు తప్పిపోతే బస్టాండులో పడుకున్నవాళ్ళని ఎరుగుదును.

మీ నాన్నతో చెప్పండి, నానమ్మ గోంగూర పచ్చడి అడిగింది, మూత గట్టిగా బిగించమని. ఎయిర్‌పోర్టుకి నేనే వస్తాను. ఎ-బి-సి టికెట్లు కొని ఉంచుతాను, తగ్గింపువి రెండు, మామూలువి నాకూ నాన్నకీ. ప్లాట్‌ఫారం మీద డబ్బా ఎక్కడుందో నేను చూపించను, మీరే వెతికి నాలుగింటికీ ముద్ర కొట్టాలి. చిన్నోడికి అందకపోతే ఎత్తుకుంటాను.

మీ
తాతయ్య