రాయి మీద రాయి ఎవరు పెట్టారు?

చిన్నూ,

మొన్న ఫోన్‌లో నువ్వడిగినదానికి అప్పుడే జవాబు చెప్పేవాణ్ణి. ఇంతలో మీ నానమ్మ "ఇటియ్యి, పిల్లగాడు అన్నం తిన్నాడో లేదో అడగాలి" అని ఫోన్ లాక్కుంది. అన్నం ముందు రాయి ఏపాటిది చెప్పు. అందుకే కాగితం, పెన్నూ పట్టుకున్నా. కాగితాన్నయితే ఎవరూ లాక్కోరు.

ఈ ఎండాకాలం సెలవుల్లో మీ అమ్మ నిన్ను మూడు క్లాసుల్లో వేసిందట కదా. పొద్దున ఈత, సాయంత్రం కీబోర్డు, ఆదివారం పొద్దున్నే ఖాజాగూడ గుట్టల్లో బండలెక్కడం. మొదటి రెండింటి గురించి నువ్వు ఒక్క ముక్క కూడా చెప్పలేదు. మూడోది మాత్రం ఆగకుండా చెప్పావు. నీ వంతు వచ్చేదాకా కింద కూర్చుంటే, ఇంత పెద్ద గుండు మీద ఇంకో గుండు, దాని మీద మరొకటి కనిపించాయన్నావు. "తాతా, వాటిని అట్లా ఎవరు పేర్చారు? క్రేన్ పెట్టారా?" అన్నావు. నీ దోస్తేమో భీముడు పెట్టాడన్నాడట. వాణ్ణి చూసి నవ్వకు. నీ వయసులో మేమూ మా ఊరి గుట్ట గురించి అదే అనుకున్నాం. భీముడు గోలీలాడి, అమ్మ పిలిస్తే ఎక్కడివక్కడే వదిలేసి పోయాడని మా లెక్క.

వాటిని ఎవరూ పేర్చలేదురా. పైనుంచి ఏ రాయీ రాలేదు. పైదీ కిందిదీ మొదటి నుంచీ అక్కడే ఉన్నాయి. వాటి చుట్టూ ఉన్నది పోయింది, అంతే.

నమ్మబుద్ధి కాదు కదా? అయితే వంటింట్లోకి పోయి అమ్మనడిగి పటికబెల్లం ముక్క ఒకటి తెచ్చుకో. ముందు దాన్ని వేళ్లతో తడిమి చూడు. మూలలు గుచ్చుకుంటాయి, అంచులు పదునుగా ఉంటాయి. ఇప్పుడు నోట్లో వేసుకో. నమలొద్దు, చప్పరించు. నూరు అంకెలు లెక్కపెట్టి బయటికి తీసి చూడు. మూలలు ఉండవు! ముక్క గుండ్రబడి ఉంటుంది. ఎందుకంటే, మూలను నీ నోటి తడి మూడు వైపుల నుంచి పట్టుకుంటుంది. అంచును రెండు వైపుల నుంచి, మధ్యలో చదునుగా ఉన్నచోటును ఒక్క వైపు నుంచే. మూడు వైపులా దెబ్బ తినేది ముందు పోతుంది కదా.

ఖాజాగూడ గుండు కూడా అట్లా చప్పరించిన ముక్కే. చప్పరించింది భూమి.

హైదరాబాద్ కింద ఉన్న రాయి గ్రానైటు. భూమి లోపల ఎంతో లోతున, కరిగిన ముద్దగా పుట్టి, మెల్లగా చల్లారి గట్టిపడింది. చల్లారేటప్పుడు కుంచించుకుని పగిలింది. మీద ఉన్న బరువు తగ్గేకొద్దీ ఇంకా పగిలింది. ఎండాకాలం చెరువులో నెర్రెలు చూశావు కదా, అట్లా నిలువునా అడ్డంగా నెర్రెలు పడ్డాయి. అంటే ఒకే దిమ్మ లోపల్లోపలే పెద్ద పెద్ద పటికబెల్లం ముక్కలుగా విడిపోయి, ఎక్కడివక్కడే ఒకదాన్నొకటి ఆనుకుని ఉండిపోయింది. ఇక వాన నీళ్లు మట్టిలోంచి ఇంకి ఆ నెర్రెల్లోకి దిగాయి. ఒట్టి నీళ్లు కావవి. గాలిలోంచి, మట్టిలోంచి కాస్త పులుపు పట్టుకుని దిగే నీళ్లు. నీ నోట్లో లాలాజలం చేసిన పనే అవీ చేశాయి. ముందు మూలలు, తర్వాత అంచులు.

మరి నోట్లో కరిగిన తీపి గొంతులోకి పోతుంది, రాయిలో కరిగింది ఎక్కడికి పోయింది అంటావా? నువ్వు దాని మీదే కూర్చుని ఉంటావు. మొరం అంటామే, కాలికింద కరకరలాడే ఎర్రమట్టి, అదే. గుండ్ల చుట్టూ మొదట ఆ మొరమే నిండి ఉండేది. తర్వాతి వానలు దాన్ని కడిగి పల్లంలోకి తీసుకుపోయాయి. లోపల గట్టిగా మిగిలిన గుండ్లు, కింద ఆసరా జారేకొద్దీ, ఒకదాని మీద ఒకటి మెల్లగా దిగి కూర్చున్నాయి. నువ్వు చూసింది అదీ.

మీ బాబాయి ఈ ఉత్తరం చదివితే ఊరుకోడు. "నాన్నా, పటికబెల్లం మొత్తం కరుగుతుంది, గ్రానైటులో పలుగురాయి కరగదు" అంటాడు. అననీ. ఆ మాట నిజమే. గ్రానైటు ముక్కను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూస్తే మూడు రకాల పలుకులు కనిపిస్తాయి. గాజులా మెరిసేది పలుగురాయి. గులాబీ రంగో తెలుపో ఉన్నది ఫెల్డ్‌స్పార్. నల్లగా తళుక్కుమనేది అభ్రకం. ఫెల్డ్‌స్పార్ నీళ్లకు లొంగి మెత్తని బంకమట్టి అయిపోతుంది. దాంతో పట్టు తప్పిన పలుగురాయి పలుకులు ఇసుకై రాలతాయి. మొరం కరకరలాడేది ఆ ఇసుక వల్లే. అయినా నాకు పటికబెల్లమే బాగుంది, దాన్ని వదలను.

ఇది ఎంత కాలం పట్టిందో చెప్తే మీ నానమ్మ నమ్మలేదు. ఈ రాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. గుండ్రబడి పైకి తేలడం చాలా చాలా తర్వాత జరిగిందనుకో, నేను చెప్పేది రాయి వయసు. హిమాలయాలు లేవడం మొదలై 5 కోట్ల ఏళ్లే. డైనోసార్లు పోయి 6.6 కోట్ల ఏళ్లు. చార్మినార్ కట్టింది 1591లో, దాని ఊసే ఎత్తొద్దు. సెకనుకు ఒకటి చొప్పున, తిండీ నిద్రా లేకుండా 250 కోట్లు లెక్కపెట్టాలంటే 79 ఏళ్లు పడుతుంది. నాకిప్పుడు 74. పుట్టినప్పుడు ఏడుపు మానేసి లెక్క మొదలుపెట్టినా ఇంకా ఐదేళ్ల పని మిగిలే ఉండేది.

మా ఊరి గుట్ట అన్నాను కదా. దానికి ఒక పక్క బండ ఏటవాలుగా, నున్నగా, ముప్పై అడుగుల పొడుగున ఉండేది. బడి వదలగానే పలకలు విసిరేసి దాని మీదికి ఎక్కేవాళ్లం. తంగేడు కొమ్మ విరుచుకుని, దాని మీద కూర్చుని, కిందిదాకా జర్రున జారేవాళ్లం. కొమ్మ సగంలో జారిపోతే మిగతా సగం లాగు మీద జారడమే. మా అమ్మ నా లాగుకు వెనక వేసిన మాట్ల మీద మళ్లీ మాట్లు వేసి, చివరికి విసుగొచ్చి గోనెగుడ్డ కుట్టింది. అది వేసుకుని బడికి పోతే ఏమైందో ఇప్పుడు చెప్పను. మీ పార్కులో ఉన్న ఎర్ర ప్లాస్టిక్‌దాన్ని కూడా జారుడుబండ అనే అంటారు కదా, అందులో బండ ఎక్కడుందని ఎప్పుడైనా అనుకున్నావా? మాది అసలైన బండ. మధ్యాహ్నం కూర్చుంటే కాలేది, రాత్రి ఏడు దాటినా వెచ్చగానే ఉండేది.

ఆ గుట్ట ఇప్పుడు లేదు. కంకర కోసం పేల్చారు. మిగిలిన చోట ప్లాట్లు వేశారు. అక్కడ కట్టిన ఇళ్లలో వంటింటి గట్టుకు మళ్లీ గ్రానైటే, ఎక్కడి నుంచో కొని తెచ్చినది. కోపం తెచ్చుకుని ఏం లాభం, అందరికీ ఇళ్లు కావాలి. కానీ ఉన్నవాటినైనా ఉండగానే చూడాలిరా. ఇంట్లో కూర్చుని "బోర్ కొడుతోంది, మన సిటీలో ఏముంది" అన్నావని మీ అమ్మ చెప్పింది. నాకు అదొక్కటే నచ్చలేదు.

మీ నాన్నకు ఆదివారం తీరికైనప్పుడు ఒక్కోటి చూపించమను. శిల్పారామంలో ఎలుగుబంటి ముక్కు అనే రాయి ఉంది. పేరు ఎందుకొచ్చిందో ఎవర్నీ అడగకు, చూస్తే తెలుస్తుంది. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ లోపల పుట్టగొడుగు రాయి ఉంది, గేటు దగ్గర అడిగి వెళ్లాలి. దుర్గం చెరువు దగ్గర అందరూ 2020లో వచ్చిన తీగల వంతెన మీద ఫోటోలు దిగుతారు. నువ్వు వంతెనకు వీపు తిప్పి, చెరువు ఒడ్డున ఉన్న బండల్ని చూడు. ఒకప్పుడు గోల్కొండకు తాగునీళ్లిచ్చిన చెరువది. గోల్కొండకు పోతే అందరిలాగే ఫతే దర్వాజా కింద చప్పట్లు కొట్టు, కొట్టకుండా ఎవరుంటారు, పైన బాలా హిస్సార్ దగ్గర నిలబడ్డ మీ నాన్నకు వినిపిస్తుంది. కానీ మెట్లెక్కేటప్పుడు గోడ వైపు చూస్తూ ఎక్కు. గోడ కట్టుకుంటూ వచ్చినవాళ్లకు పెద్ద గుండు అడ్డమొస్తే దాన్ని పగలగొట్టలేదు. దాన్నే గోడలో కలిపేసుకుని, అవతలి నుంచి మళ్లీ రాళ్లు పేర్చారు. ఎక్కడ మనిషి పెట్టిన రాయి ఆగిందో, ఎక్కడ భూమి పెట్టిన రాయి మొదలైందో వేలు పెట్టి చూపించగలవా? నేను ఒకసారి చూపించబోయి మెట్టు తప్పి పడ్డాను. మీ నానమ్మ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెప్తుంది.

ఎండ ముదరకముందే వెళ్లు. నీళ్ల సీసా తీసుకుపో. తేనెపట్టు కనిపిస్తే అక్కడ అరవకు, గులకరాయి విసరకు. తొండ తలకాయ ఆడిస్తే నువ్వూ ఆడించు, తప్పులేదు.

నువ్వు చెప్పిన ఆ మూడు గుండ్ల దగ్గరికే ఈ ఆదివారం మళ్లీ పో. సీసాలో నీళ్లు కొంచెం కింది గుండు మీద పొయ్యి. తడిసిన చోట రంగు మారి, గులాబీ పలుకులు ఒక్కసారిగా బయటపడతాయి. తర్వాత, పై గుండు కింది గుండు మీద ఎంతమేర ఆనుకుని ఉందో చూడు. సందులో చెయ్యి మాత్రం పెట్టకు, తేళ్లుంటాయి. ఒక చీపురుపుల్ల దూర్చు. ఎంత లోపలికి పోయిందో పుల్ల మీద గోటితో గుర్తు పెట్టుకుని, చుట్టూ తిరిగి నాలుగు వైపులా ఒక్కో పుల్లతో అట్లాగే చెయ్యి. ఆ పుల్లలు పారెయ్యకు. వచ్చే నెల నేను వచ్చినప్పుడు ఇద్దరం స్కేలు పెట్టి కొలుద్దాం.

మీ తాత