పూలమొక్కల క్రోమోజోములు: అపోహలు, వాస్తవాలు

ఉష్ణమండలపు అలంకరణ మొక్కల కణశాస్త్రంలో పనిచేసేవారిని నర్సరీల వారూ, మిద్దెతోటల వారూ, వృక్షశాస్త్ర విద్యార్థులూ మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "దీనికి ఎన్ని క్రోమోజోములండీ?" క్రోమోజోములంటే కణంలో జన్యువులను మోసే పోగులు, వాటి సంఖ్య అడగడంలో తప్పేమీ లేదు. సంఖ్య చెప్పగానే మొక్క గుట్టంతా తెలిసిపోయిందని అనుకోవడంలోనే చిక్కు ఉంది. నాకు ఎక్కువగా ఎదురయ్యే అపోహలన్నీ దాదాపుగా అక్కడి నుంచే పుట్టాయి.

అపోహ: క్రోమోజోములు ఎక్కువైతే మొక్క ఉన్నతమైనది, పువ్వు పెద్దది.

సంఖ్యకూ మొక్క స్థాయికీ సంబంధం లేదు. అబ్రహాం, నైనన్ అనే కేరళ శాస్త్రవేత్తలు 1954లో ఒఫియోగ్లాసం రెటిక్యులేటం అనే చిన్న ఫెర్న్‌కు 1260 క్రోమోజోములు ఉన్నాయని ప్రకటించారు. మనిషికి ఉన్నవి 46. పువ్వు సైజు విషయంలో మాత్రం ఈ నమ్మకంలో సగం నిజముంది. క్రోమోజోముల జట్లు పెరిగితే కణాలు పెద్దవై, రేకులు మందంగా, ఆకులు దళసరిగా తయారవడం మామూలే. అయితే ఆ పెరుగుదలకు ఒక్కో జాతిలో ఒక్కో హద్దు ఉంటుంది, అది దాటితే మొక్క ఎదుగుదల మందగిస్తుంది.

అపోహ: గింజ కట్టని మొక్క త్రయస్థితికమే (మామూలు రెండుకు బదులు మూడు జట్ల క్రోమోజోములున్నదే) అయి ఉంటుంది.

ఈ అపోహ ఎలా వచ్చిందో ఊహించడం కష్టం కాదు. మన రైతులు కొమ్మలు నాటి పెంచే ఢిల్లీ కనకాంబరం నిజంగానే త్రయస్థితికం, అందుకే దానికి గింజ రాదు. మెట్టతామరలో మామూలు సంఖ్య 18 కాగా, 27 ఉన్న పెద్ద పూల రకాలు వంధ్యాలు. 24 క్రోమోజోములున్న ఆఫ్రికన్ బంతిని 48 ఉన్న ఫ్రెంచి బంతితో కలిపితే 36 ఉన్న సంకరం వస్తుంది. అది గింజ కట్టే పనిలేక ఎక్కువ రోజులు పూస్తూనే ఉంటుంది. (పేర్లు ఏమైనా, ఈ రెండు బంతుల స్వస్థలం మెక్సికో ప్రాంతమే.) మూడేసి జట్లున్న కణం, పుప్పొడి తయారీకి క్రోమోజోములను సగం చేసే క్షయకరణ విభజనలో క్రోమోజోములను సమంగా పంచలేదు కాబట్టి పుప్పొడి చెడిపోతుంది.

కానీ కాగితంపూల మొక్క దగ్గరికి వచ్చేసరికి ఈ సూత్రం పనిచేయదు. తోటల్లో పెంచే గింజరాని రకాల్లో అనేకం 34 క్రోమోజోములున్న ద్వయస్థితికాలే, అంటే రెండు జట్లున్నవే. వాటి తల్లిదండ్రులు వేర్వేరు జాతులు కావడంతో, చూడటానికి జతలు సరిపోయినట్టే ఉన్నా ఆ జతల మధ్య పొత్తు కుదరదు. లక్నోలోని జాతీయ వృక్షోద్యానంలో ఖోషూ బృందం ఇలాంటి రకాల క్రోమోజోములను రెట్టింపు చేసి, సంఖ్య 68కి చేరాక సంతానశక్తి తిరిగి వచ్చినట్టు 1975లో వెల్లడించింది. రెట్టింపు కావడంతో ప్రతి క్రోమోజోముకూ అచ్చంగా తనలాంటి తోడు దొరికింది. ఇక్కడ క్రోమోజోములు పెరగడమే వంధ్యత్వాన్ని పోగొట్టింది, త్రయస్థితికాల్లో జరిగేదానికి ఇది పూర్తిగా తిరగబడిన కథ.

ఆకుల అడుగున ఊదారంగుతో కుండీల్లో కనిపించే రోయియో మరీ విచిత్రమైనది. పూలను చుట్టి ఉండే పడవలాంటి పుచ్ఛాల మధ్యనుంచి సరైన వయసు మొగ్గను తీసి, పరాగకోశాన్ని (పుప్పొడి తిత్తిని) అసిటోకార్మిన్ అనే రంగులో చిదిమి చూస్తే, 12 క్రోమోజోములు ఆరు జతలుగా కాకుండా కొసకు కొస పట్టుకుని ఒకే వలయంగానో, ఎక్కడో తెగిన గొలుసుగానో కనబడతాయి. పూర్వమెప్పుడో వాటి ముక్కలు ఒకదానితో ఒకటి మార్పిడి కావడమే దీనికి కారణం. ద్వయస్థితికమే అయినా దీని పుప్పొడిలో చాలా భాగం పనికిరాదు. మామూలుగా లెక్కకు వాడే వేరుకొనలో 12 అని లెక్కపెట్టి ఊరుకున్నవారికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

అపోహ: కొమ్మతోనో దుంపతోనో పెంచిన మొక్కలో ప్రతి కణమూ తల్లికి నకలే.

కలకత్తా విశ్వవిద్యాలయంలో అరుణ్ కుమార్ శర్మ సాగించిన పరిశోధనలు దీన్ని గట్టిగా ప్రశ్నించాయి. శాఖీయంగా వ్యాప్తి చెందే మొక్కల్లో, ఒకే వేరుకొనలో మామూలు సంఖ్య ఉన్న కణాలతోపాటు వేరే సంఖ్యలున్న కణాలూ ఉంటాయని, అలాంటివి ఎదిగే మొగ్గలోకి చేరితే కొత్త రూపాలు పుట్టవచ్చని ఆయన వివరించారు. అందుకే ఒక్క కణాన్ని చూసి ఒక రకానికి సంఖ్య నిర్ణయించడం సాహసమే.

అపోహ: మంచి సూక్ష్మదర్శిని ఉంటే ఎవరైనా లెక్కపెట్టేయవచ్చు.

అలా అనుకునేవారికి నేను మందారం వేరు ఇస్తాను. ఈ ఒక్క మొక్కలోనే రకాన్ని బట్టి సంఖ్య 36 నుంచి 144 దాటి పోతుంది. ఆపైన క్రోమోజోములు చిన్నవి, కణంలో జిగురు ఎక్కువ. వేరుకొనలను ఉదయం కోసి, పారాడైక్లోరోబెంజీన్ ద్రావణంలో కొన్ని గంటలు ఉంచి, మూడు వంతుల ఆల్కహాలు, ఒక వంతు అసిటిక్ ఆమ్లం కలిపిన మిశ్రమంలో స్థిరపరచి, వేడి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో మెత్తబరిచాక కూడా, కవర్‌స్లిప్ మీద బొటనవేలు ఆన్చగానే అది జర్రున జారిపోతుంది. ఎక్కువ నొక్కితే కణం పగిలి ఒకటి రెండు పక్క కణంలోకి పోతాయి, తక్కువ నొక్కితే ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి. కొత్తలో నా నోటుపుస్తకంలో ఒకే మొక్కకు ఒకే వారంలో 82, 84, 85 అని మూడు సంఖ్యలు రాసుకున్నాను. అది మొక్కలోని వైవిధ్యం కాదు, నా బొటనవేలి నిర్వాకం.

అపోహ: కాల్చిసిన్‌తో రెట్టింపు చేయడమంటే జన్యుమార్పిడి చేయడమే.

కాదు. 1937లో బ్లేక్స్‌లీ, ఏవరీ ఉమ్మెత్త వంటి మొక్కల్లో చూపినట్టు, కాల్చిసిన్ అనే ఈ మందు, కణవిభజనలో క్రోమోజోములను రెండు వైపులకూ లాగే కండె తంతువులను ఏర్పడనివ్వదు. విడిపోవలసిన క్రోమోజోములు ఒకే కేంద్రకంలో ఉండిపోతాయి. బయటి జన్యువేదీ లోపలికి రాదు. తోటల్లో అందంకోసం పెంచే అడవినాభి దుంపల్లో, గింజల్లో ఉండే విషం కూడా ఇదే, కాబట్టి జాగ్రత్త తప్పనిసరి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు మరొకటుంది: మందు పూసేది కొమ్మ చిగురుకు, పరీక్షించేది వేరుకొనను. చిగురు రెట్టింపైనా వేరు పాత సంఖ్యతోనే ఉంటుంది కాబట్టి, మొగ్గ వచ్చేదాకా ఆగి, పుప్పొడినిచ్చే మాతృకణాలను చూడాలి.

అపోహ: ఫ్లో సైటోమీటర్ వచ్చాక స్లైడ్లతో పనిలేదు.

ఆ యంత్రం కేంద్రకంలోని డీఎన్ఏ పరిమాణాన్ని వేగంగా అంచనా వేస్తుంది, బహుస్థితికాలను (రెండుకంటే ఎక్కువ జట్లున్నవాటిని) ఏరడానికి నేనూ దాన్ని ఇష్టంగానే వాడతాను. కానీ అది క్రోమోజోములను లెక్కపెట్టదు, వాటి రూపం చూపదు. మన పూలకొట్లలో లిల్లీపూలుగా అమ్మే రజనీగంధ 60 క్రోమోజోముల్లో పదే పెద్దవనీ, మిగిలిన యాభై చుక్కల్లాంటివనీ, దాని దూరపు చుట్టమైన కిత్తనారలోనూ ఇదే పెద్ద చిన్న తేడా ఉందనీ తెలిసింది స్లైడ్ మీదనే.