మూడు రాళ్ల పొయ్యి ఆరిన తర్వాత

పెంచలకోన దగ్గర వాగు ఒడ్డున మూడు రాళ్ల పొయ్యి ఎక్కడైనా కనిపిస్తే, ఒక రాయి పక్కకు జరిపి చూడండి. మసి కింద మట్టి రంగు కూడా మారి ఉంటుంది. ఆ వేడికి పైపొరలోని విత్తనాలు, సన్నని వేళ్లు, సూక్ష్మజీవులు మాడిపోతాయి. టెంటు వేసినచోట, చాపలు పరిచినచోట జరిగే నష్టం మాత్రం ఇంత తేలిగ్గా కంటికి ఆనదు. దాన్ని కొలిచి తెలుసుకోవాల్సిందే.

ఈ కొలతల శాస్త్రం అమెరికాలో బాగా ఎదిగింది. సిడ్నీ ఫ్రిస్సెల్ అనే పరిశోధకుడు 1978లో అడవిలోని బస స్థలాలను ఐదు తరగతులుగా విభజించాడు. గడ్డి నలగడం మొదటి మెట్టు, వేళ్లు బయటపడి చెట్లు చచ్చిపోవడం చివరిది. తర్వాత ఓరెగన్‌లోని ఈగిల్ క్యాప్ అడవుల్లో డేవిడ్ కోల్ అనే మరో పరిశోధకుడు చేసిన పరిశీలనలో ఒక విషయం తేలింది. ఏడాదికి కొన్ని రాత్రులే వాడిన చోట కూడా నేల మీది మొక్కలు చాలావరకు పోయాయి. దానికి ఎన్నో రెట్లు వాడినచోట నష్టం అన్ని రెట్లు పెరగలేదు. దెబ్బంతా మొదటి కొద్ది రాత్రుల్లోనే తగులుతుందన్నమాట. శుభ్రంగా ఉంది కదా అని కొత్త చోటు వెతుక్కోవడం కంటే, ఇప్పటికే బోసిపోయిన పాత చోటనే దిగడం అడవికి మేలు.

నెల్లూరు జిల్లాలో ఇంకో చిక్కుంది. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కార్తీక వనభోజనాలూ అప్పుడే. తడిసిన మట్టిని తొక్కితే అందులోని గాలి ఖాళీలు మూసుకుపోయి నేల గట్టిపడుతుంది. అటు తర్వాత కురిసిన వాన ఇంకకుండా పైపైనే జారిపోతుంది, మట్టినీ తీసుకుపోతుంది.

దీన్ని పరీక్షించడానికి ఖరీదైన యంత్రాలక్కర్లేదు. రెండు వైపులా మూత తీసేసిన డబ్బాను నేలలోకి కొంచెం దించి, లీటరు నీళ్లు పోసి, ఎంతసేపటికి ఇంకాయో గడియారంలో చూస్తే చాలు. పక్కనే ఎవరూ తొక్కని నేల మీద కూడా అదే చేయాలి. ఆ పోలిక లేకపోతే లెక్క తప్పుతుంది. మే నెలలో మన అడవి నేల ఎటూ ఎండిపోయి బోడిగానే ఉంటుంది, ఆ నిందంతా మనుషుల మీద వేసేస్తాం. ఫొటో కూడా ఏటా అదే నెలలో, అదే రాయి మీద నిలబడి తీయాలి.

పెంచలకోన ఉన్న పెనుశిల నరసింహ అభయారణ్యంలో అడవికి ముప్పు తెచ్చేలా నిప్పు పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కాబట్టి అక్కడ అటవీ సిబ్బంది అన్నిటికంటే ముందు లెక్కపెట్టాల్సింది పొయ్యిలను అని నా నమ్మకం. పాత చోటి బోడి మరక రెండడుగులు పెరిగితే పెరగనీ. నిరుడు లేని చోట కొత్త పొయ్యి ఒక్కటి కనిపించినా, ఆ వారంలోనే రాళ్లు తీసేసి బూడిద చెదరగొట్టాలి. రాళ్లు అలాగే ఉంటే తర్వాత వచ్చేవాళ్లూ అక్కడే దిగుతారు.