తల్లిని చూసి కుక్కపిల్లను తెచ్చుకుందాం

బంగారు తల్లికి తాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం, దాంతోపాటు నువ్వు అంటించి పంపిన హస్కీ బొమ్మ, రెండూ అందాయి. నీలికళ్లు, తెల్లటి బొచ్చు, తోడేలు ముఖం. చూడముచ్చటగా ఉంది, కాదనను. నాన్న ఒప్పుకున్నారనీ, ఏ కుక్కను తెచ్చుకోవాలో నేనే చెప్పాలనీ రాశావు. ముప్పై రెండేళ్లు పశువుల ఆసుపత్రుల్లో పనిచేసినవాణ్ని కదా, అడగాల్సినవాణ్నే అడిగావు. ఈ ఉత్తరం తమ్ముడికి కూడా చదివి వినిపించు. ఇందులో సగం వాడి కోసమే.

ముందు ఆ హస్కీ సంగతి. మంచు మీద బండ్లు లాగడానికి సైబీరియావాళ్లు పెంచుకున్న జాతి అది. చలి తగలకుండా దాని ఒంటి మీద రెండు పొరల బొచ్చు ఉంటుంది. మనకు పట్టినట్టు కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల అడుగున కొద్దిగా పడుతుంది, అంతే. నాలుక బయటపెట్టి రొప్పితేనే దాని ఒళ్లు చల్లబడుతుంది. నేను విజయవాడలో ఉన్నప్పుడు ఒక మే నెల మధ్యాహ్నం ఒక కుటుంబం హస్కీని తడి దుప్పటిలో చుట్టి తీసుకొచ్చింది. కుక్క ఒంటి వేడి మామూలుగా 101, 102 డిగ్రీలు ఉంటుంది. దానికి 107 ఉంది. ఇంట్లో కరెంటు పోయి రెండు గంటలు ఏసీ ఆగిపోయిందట. నీళ్లతో తడిపాం, ఫ్యాను కింద పెట్టాం, సెలైన్ ఎక్కించాం. సాయంత్రానికి ప్రాణం పోయింది. ఆ ఇంటి పిల్లాడు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చిన ఏడుపు నాకు ఇప్పటికీ గుర్తుంది. వాళ్లు దాన్ని ప్రేమగానే చూసుకున్నారమ్మా. కానీ ఎంచుకునేటప్పుడు చూసింది దాని అందాన్ని. మన ఎండను చూడలేదు. అందుకే హస్కీ వద్దంటున్నాను. ముక్కు లోపలికి నొక్కుకుపోయిన పగ్ కూడా వద్దు. ఆ ముక్కుతో దానికి మామూలు రోజుల్లోనే ఊపిరి ఆడదు, వేసవిలో చెప్పనక్కరలేదు.

ఏ జాతి మంచిదని అడిగేముందు, ఆ కుక్కకు మన ఇంట్లో రోజు ఎలా గడుస్తుందో ఆలోచించు. మీది మూడో అంతస్తు. అమ్మానాన్నలు తొమ్మిదికల్లా వెళ్లిపోతారు. మీరిద్దరూ బడి నుంచి వచ్చేసరికి నాలుగు. అప్పటిదాకా ఇంట్లో ఉండేది మీ నానమ్మ ఒక్కరే, ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఇప్పుడు ఆ ఇంట్లోకి లాబ్రడార్‌ను తెచ్చామనుకో. పిల్లలతో దాని అంత మెత్తగా ఉండే కుక్క అరుదు, ఆ పేరు ఊరికే రాలేదు. కానీ ఏడాది తిరిగేసరికి ముప్పై కిలోల దాకా పెరుగుతుంది. సంతోషం పట్టలేక మీదికి దూకితే తమ్ముడు వెల్లకిలా పడతాడు. నానమ్మ గొలుసు పట్టుకున్నప్పుడు అది ఒక్కసారి లాగితే ఆమె సంగతి చెప్పు. రోజూ గంటసేపు పరుగెత్తించకపోతే సోఫా కొరుకుతుంది, ఒళ్లు వచ్చి తుంటి కీళ్లు పాడుచేసుకుంటుంది. మీకు పెరడున్న ఇల్లుంటే సరేననేవాణ్ని.

నా మాట అడిగితే మన నాటు కుక్క. ఈ మాట అనగానే చాలామంది ముఖం చిట్లిస్తారు, నాకు బాధ కలుగుతుంది. పొట్టి బొచ్చు, సన్నటి ఒళ్లు, నిలబడిన చెవులు. వేల ఏళ్లుగా మన ఎండకూ వానకూ తట్టుకున్న ఒళ్లు అది. పెద్దదైనా మామూలుగా లాబ్రడార్ అంత బరువు ఉండదు. తెలివైనది, ఇంటిని కనిపెట్టుకుని ఉంటుంది. కాస్త మొరుగుతుంది, లిఫ్టు చప్పుడైనా మొరుగుతుంది. అది ముందే తెలుసుకో.

మనవాళ్లు పాడిని చూసి బర్రెను, తల్లిని చూసి పిల్లను తెచ్చుకోమన్నారు. ఆ మాట పెళ్లిళ్లకు ఎంత పనికొస్తుందో నాకు తెలియదు కానీ కుక్కల విషయంలో మాత్రం అక్షరాలా నిజం. పిరికి తల్లి పిల్లలు పిరికిగా ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను. కరిచే కుక్కల్లో ఎక్కువ భాగం కోపంతో కరవవు, భయంతో కరుస్తాయి. మా వీధి చివర రేకుల షెడ్డు కింద ఒక గోధుమరంగు ఆడకుక్క ఉంది. నాలుగేళ్లుగా ఎరుగుదును. బడి పిల్లలు చుట్టూ చేరినా చెవి కూడా నిక్కించదు. ఏటా రేబిస్ టీకా నేనే వేస్తున్నాను. కార్తీక మాసంలో అది నాలుగు పిల్లల్ని పెట్టింది. సంక్రాంతికి వాటికి 8 వారాలు నిండుతాయి. అంతకుముందు ఎవరడిగినా ఇవ్వను. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017లో ప్రభుత్వం నిబంధన కూడా తెచ్చింది. తోబుట్టువులతో కొట్లాడుతూనే పిల్ల పళ్లను అదుపులో పెట్టుకోవడం నేర్చుకుంటుంది. గట్టిగా కొరికితే అవతలిది కుయ్యిమని ఆట మానేస్తుంది. తొందరపడి తెస్తే ఆ పాఠం తమ్ముడి చేతి మీద నేర్చుకుంటుంది.

నువ్వు వచ్చాక మనిద్దరం వాటి దగ్గర నేల మీద ఊరికే కూర్చుందాం. పిలవవద్దు. అన్నిటికంటే ముందు దూకి మిగతావాటిని తొక్కేసే పిల్లనూ, మూలకు పోయి బయటికి రాని పిల్లనూ వదిలేద్దాం. కాసేపు చూసి, నడిచి వచ్చి, నీ చెయ్యి వాసన చూసేదాని కోసం ఆగుదాం. నేను పళ్లెం కింద పడేస్తాను. ఉలిక్కిపడి, మళ్లీ తనంతట తాను దగ్గరికి వచ్చి ఆ పళ్లెం ఏమిటో చూసే పిల్ల మన పిల్ల.

ఇక తమ్ముడి సంగతి. వాడికి రెండేళ్లే ఉండి ఉంటే ఇప్పుడే వద్దు, ఆగమని చెప్పేవాణ్ని. ఒకటో తరగతి వాడు కాబట్టి చెబితే వింటాడు. తింటున్న కుక్క దగ్గరికీ, పడుకున్న కుక్క దగ్గరికీ వెళ్లకూడదు. మెడ చుట్టూ చేతులు వేసి పట్టుకోకూడదు. మనకు అది ముద్దు, దానికి అది బిగింపు. చెయ్యి చాచి అదే రావడానికి ఆగాలి. పెద్దవాళ్లు లేకుండా వాడినీ కుక్కనూ ఒక గదిలో వదలకూడదు. ఎంత మంచి కుక్కైనా సరే.

మొరిగే కుక్క కరవదని సామెత ఉంది. దాన్ని నమ్మి చెయ్యి పెట్టి ఆసుపత్రికి వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. కరిచే ముందు కుక్క చాలాసార్లు చెబుతుంది. ముఖం పక్కకు తిప్పుకుంటుంది, తిండి లేకపోయినా మూతి నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది, ఒళ్లు కర్రలా బిగబట్టి కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తుంది. అవేవీ మనం పట్టించుకోకపోతే గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు కొట్టవద్దని నాన్నకు చెప్పు. కొడితే గుర్రుమనడం మానేస్తుంది, భయం మాత్రం పోదు. తర్వాత చెప్పకుండానే కరుస్తుంది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు వీధికుక్క పిక్క పట్టుకుంది. తిడతారని రెండు రోజులు ఇంట్లో చెప్పలేదు. తెలిశాక మా నాయనమ్మ గాయానికి సున్నమూ కారమూ రాసింది, ఆ తర్వాత ఆసుపత్రిలో బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు. ఇప్పుడు ఆ పాత మందు లేదు, చేతికే నాలుగైదు సార్లు వేస్తారు. కానీ రేబిస్ లక్షణాలు బయటపడ్డాక కాపాడే మందు ఈనాటికీ లేదు. అందుకే కుక్క కరిచినా, పన్ను గీసుకున్నా, మన కుక్కైనా పరాయి కుక్కైనా, ఆ నిమిషంలోనే అమ్మకు చెప్పాలి. పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. తర్వాత ఆసుపత్రి. మీ ఇద్దరినీ ఎవరూ తిట్టరు, ఆ పూచీ నాది. అమ్మతో ఫోనులో మాట్లాడాను కూడా.

నట్టల మందు, పార్వో అనే ప్రాణాంతక విరేచనాల జబ్బు రాకుండా టీకాలు, మూడో నెలలో రేబిస్ టీకా, తర్వాత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, ఇవన్నీ నేను రాసి పెడతాను. పార్వో టీకాలు పూర్తయ్యేదాకా దాన్ని కిందికి దించి వీధి మట్టి మీద నడిపించవద్దు. కానీ ఇంట్లోనే కూర్చోబెట్టవద్దు, ఎత్తుకుని తిప్పు. ఆటోల చప్పుడు, గొడుగులు, టోపీ పెట్టుకున్న వాచ్‌మన్, అన్నీ చూడనివ్వు. మూడు నెలలు దాటేలోపు ఏవేవి చూసిందో వాటికి పెద్దయ్యాక బెదరదు. చాక్లెట్, ఉల్లిపాయ, ద్రాక్ష, కిస్‌మిస్ దాని నోటికి అందనివ్వవద్దు. అవి దానికి విషం.

నీకిప్పుడు పదేళ్లు. అది పన్నెండు, పదమూడేళ్లు బతుకుతుంది. అంటే నువ్వు చదువు ముగించి ఉద్యోగానికి వెళ్లే నాటికి అది ముసలిదై గుమ్మంలో కూర్చుని ఉంటుంది. ఇది తలుచుకున్నాక కూడా నీకు కావాలనే అనిపిస్తే ఒక పని చెయ్యి. పొద్దున అయిదున్నరకు దాన్ని కిందికి తీసుకెళ్లేది ఎవరు, సాయంత్రం ఎవరు, మీరంతా ఊరికి వెళితే ఎవరి దగ్గర ఉంటుంది, ఈ మూడింటికీ ఇంట్లో అందరినీ అడిగి కాగితం మీద పేర్లు రాయించు. నీ పేరు కూడా ఉండాలి. అన్నీ అమ్మ పేరే ఉంటే ఆ కాగితం నేను తీసుకోను.

భోగి ముందు రోజు బస్టాండుకు వస్తాను. కాగితం మరిచిపోవద్దు. నాలుగింటిలో చెవి ఒకటి మడిచి ఉండేది ఈమధ్య నా చెప్పులు మోసుకుపోతోంది. దాని సంగతి నేనేమీ చెప్పను, నువ్వే వచ్చి చూడు.

ప్రేమతో,
తాతయ్య