నగరానికి పెద్ద మేస్త్రి ఎవరు?

మా వీధిలో సీసీ రోడ్డు పోసి నలభై రోజులైంది. క్యూరింగ్‌కి పరిచిన గోనెసంచుల మరకలు ఇంకా పోలేదు. ఒకరోజు పొద్దున్నే కట్టర్ మెషిన్ చప్పుడు వినిపించి బయటికొస్తే, అడుగు వెడల్పున రోడ్డును చీల్చుకుంటూ పోతున్నారు. ఏదో కేబుల్ లైనట. సాయంత్రానికి పూడ్చేశారు. పూడ్చడమంటే, మట్టి పోసి వెళ్లిపోయారు. వారం తిరక్కుండా వాన పడింది, మట్టి కుంగింది, గుంత మిగిలింది. ఎవరో పుణ్యాత్ముడు అందులో వేపకొమ్మ పాతి ఎర్రగుడ్డ కట్టాడు. తవ్విన రోజున కూలీలను అడిగాను. "మాకు చెప్పిన కాడికి తవ్వుతం సార్, మిగతాది మాకు తెల్వదు" అన్నారు. వాళ్ల పైవాళ్లను అడిగినా దాదాపు ఇదే జవాబు వచ్చేదని నా అనుమానం.

హైదరాబాద్‌లో రోడ్డు, వాననీటి నాలా నగర కార్పొరేషన్ జీహెచ్‌ఎంసీవి. మంచినీళ్లు, మురుగు వాటర్ బోర్డువి. కరెంటు స్తంభం డిస్కంది, నెత్తిమీద మెట్రో వేరే సంస్థది, శివార్లలో పెద్ద రోడ్లు మహానగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏవి. ఇందరి పనుల మీద అజమాయిషీకి ఒక్క అధికారి ఉండాలని, ఆయన చేతిలో డబ్బు కూడా ఉండాలని ప్రతి వానాకాలం ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఈ మాటకు నూరేళ్లు దాటాయి. మధ్యలో ఇలాంటి పోస్టులు చాలానే పుట్టాయి. వాటి కథ చదివితే నాకు తోచేది ఒకటే: పోస్టు పుట్టించడం తేలికే, దాని వెనక పద్దు పెట్టడం దగ్గరే అసలు పేచీ.

మొదలు 1908. ఆ సెప్టెంబరు 28న మూసీ ఊరిని ఊడ్చేసింది. శంషాబాద్‌లో ఒక్క రోజులో 12.8 అంగుళాల వాన పడింది. చనిపోయింది పదిహేను వేల మంది అని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు, ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. అప్పుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య బొంబాయి సర్వీసు వదిలేసి విదేశాల్లో తిరుగుతున్నారు. ఆరో నిజాం ప్రభుత్వం ఆయనకు కబురు పెట్టింది. వరద నివారణకు, డ్రైనేజీకి ప్లాను వేయడానికి ప్రత్యేక సలహా ఇంజినీరుగా 1909లో వచ్చారు.

వచ్చీ రాగానే కాలువ గట్ల గురించి కాదు, వాన లెక్కల గురించి అడిగారు. నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నాయని, వాటిలో 221 తెగిపోయాయని తేలింది. ఒక చెరువు తెగి కింది చెరువు మీద పడింది, రెండూ కలిసి మూడోదాని మీద పడ్డాయి. అంటే ఊరిని ముంచింది నది ఒక్కటే కాదు, గొలుసు తెగిన చెరువులు కూడా. అందుకే ఎగువన రెండు జలాశయాలు కట్టాలన్నారు. అవే ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927). ఆయన మాత్రం 1909లోనే మైసూరుకు చీఫ్ ఇంజినీరుగా వెళ్లిపోయారు. రిపోర్టు మిగిలింది. జలాశయాల సంగతి సరే, ఊరి లోపలి పనులు చేసేదెవరు?

దానికి జవాబుగా 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పుట్టింది. అప్పటికి గద్దె మీద ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. అంతకు ముందే ప్లేగు కూడా ఊరిని తడిమి వెళ్లింది. బోర్డును మున్సిపాలిటీలో ఒక శాఖగా పెట్టలేదు, విడిగా పెట్టారు. డబ్బు ఖజానా నుంచి వచ్చింది. ఇరుకు బస్తీలు తీసేసి ఇళ్లు కట్టడం, రోడ్లు వెడల్పు చేయడం దాని పని. చార్మినార్ దగ్గర రాతి కమానుల కింద పత్తర్‌గట్టి దుకాణాల వరుస ఆ బోర్డు చేసినదే. కొంతకాలానికి నిజాం రెండో కొడుకు మొజంజా దానికి అధ్యక్షుడయ్యారు. 1935 నాటి మొజంజాహీ మార్కెట్‌కు ఆయన పేరే. ఏలికగారి అబ్బాయే అధ్యక్షుడైతే ఫైలు ఏ బల్ల మీద ఆగుతుంది చెప్పండి! ఇవాళ ఆ పోస్టు గురించి మురిసిపోయేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు. దాని బలం చట్టంలో ఎంతుందో, ఇంటిపేరులోనూ అంతే ఉంది. అదీగాక, ఇళ్లు పోగొట్టుకున్న బస్తీవాళ్లకు ఓటు లేదు, మాట లేదు.

రాజరికం పోయాక ఆ బోర్డు హౌసింగ్ బోర్డులో కలిసిపోయింది. 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం కార్యనిర్వాహక అధికారాన్ని కమిషనర్‌కిచ్చింది. మేయర్ సభ నడుపుతారు. కమిషనర్‌ను ప్రభుత్వం పంపిస్తుంది, ప్రభుత్వమే వెనక్కి పిలుస్తుంది. పని విలువ ఒక హద్దు దాటితే స్టాండింగ్ కమిటీకి, ఇంకా దాటితే కౌన్సిల్‌కు, ఆపైన సెక్రటేరియట్‌కు ఫైలు ఎక్కాలి. చట్టం చూస్తే పెద్ద మేస్త్రి కమిషనరే అనిపిస్తుంది. కానీ 1975లో నగరాభివృద్ధి సంస్థ హుడా వచ్చింది, ప్లానింగ్ అటు పోయింది. 1989లో వాటర్ బోర్డు వచ్చింది, నీళ్లు అటు పోయాయి. 2007లో 12 మున్సిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు, మరుసటి ఏడాది హుడా స్థానంలో హెచ్‌ఎండీఏ వచ్చింది. ఊరు పెద్దదవుతున్నకొద్దీ కమిషనర్ కింద పనులు పెరిగాయి గానీ, పట్టు పెరగలేదు.

డబ్బు ఎక్కడుందో చూస్తే ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. కార్పొరేషన్ ముఖ్యంగా ఆస్తిపన్ను మీద, పర్మిట్ ఫీజుల మీద బతకాలి. హెచ్‌ఎండీఏ చేతిలో భూమి ఉంది. 2023 ఆగస్టులో దాని వేలంలో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటింది. అదే ఏడాది 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డును ముప్పై ఏళ్లకు రూ.7,380 కోట్లకు లీజుకిచ్చారు. జీహెచ్‌ఎంసీ మాత్రం ఫ్లైఓవర్ల పథకం ఎస్‌ఆర్‌డీపీ కోసం బాండ్లు వేసి అప్పు తెచ్చుకుంది. 2018 ఫిబ్రవరిలో రూ.200 కోట్లు 8.9 శాతానికి, ఆగస్టులో రూ.195 కోట్లు 9.38 శాతానికి, 2019లో వంద కోట్లు 10.23 శాతానికి. వెళ్లినప్పుడల్లా వడ్డీ పెరిగింది.

మెట్రోది వేరే దారి. 2007లో దానికోసం ప్రత్యేక సంస్థ పెట్టి, రైల్వే అకౌంట్స్ సర్వీసు నుంచి వచ్చిన ఎన్‌వీఎస్ రెడ్డిని ఎండీ చేశారు. కట్టే డబ్బు ఎక్కువగా ఎల్ అండ్ టీ పెట్టాలి. 2017 నవంబరులో రైలు కదిలింది. ముఖ్యమంత్రులు మారారు, రాష్ట్రమే రెండయింది, 2025 దాకా ఎండీ మారలేదు. కమిషనర్లు రెండు మూడేళ్లకోసారి మారే ఊళ్లో ఇది వింతే. మెట్రో లాభనష్టాల సంగతి వేరు. ఒక పనికి ఒక మనిషి, ఆ మనిషికి విడి సంస్థ, విడి ఖాతా ఉంటే పని కొసదాకా వెళ్తుందని మాత్రం తేలింది. ఆ మనిషికి తన ట్రాక్ కింది నాలా మీద పెత్తనం లేదన్నదీ తేలింది.

నాలాల కథ మరీ నత్తనడక. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 సెంటీమీటర్ల వాన పడింది. ఆ తర్వాత కిర్లోస్కర్ కన్సల్టెంట్లు నాలాలను వెడల్పు చేయాలని నివేదిక ఇచ్చారు. అది ఏళ్ల తరబడి బీరువాలో ఉంది. 2020 అక్టోబరులో ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్లు పడింది. 1908 నాటి శంషాబాద్ వాన కూడా సెంటీమీటర్లలో ఇంచుమించు అంతే! కాలనీలు మునిగాక ఎస్‌ఎన్‌డీపీ అని నాలాలకు కొత్త విభాగం పెట్టి, మొదటి విడతకు రూ.985 కోట్లు అన్నారు. దాంతో ఒకే కార్పొరేషన్‌లో ఫ్లైఓవర్ల ఇంజినీర్లు వేరు, రోడ్ల నిర్వహణవాళ్లు వేరు, నాలాలవాళ్లు వేరు అయ్యారు.

2024 జులై 19న జీవో 99తో హైడ్రా వచ్చింది. ఔటర్ లోపల చెరువులు, నాలాలు, ప్రభుత్వ స్థలాలు, విపత్తులు అన్నీ ఐపీఎస్ అధికారి రంగనాథ్ కమిషనర్‌గా ఉన్న ఆ సంస్థ కిందికి తెచ్చారు. ఆ నెల బడ్జెట్‌లో దానికి రూ.200 కోట్లు, మూసీకి రూ.1,500 కోట్లు రాశారు. కూల్చివేతలు మొదలయ్యాక, ఏ చట్టం కింద కూలుస్తున్నారని హైకోర్టు నిలదీసింది. అక్టోబరులో ఆర్డినెన్స్ తెచ్చి చట్టబలం ఇచ్చారు. ముందు పోస్టు, తర్వాత పద్దు, చివర చట్టం. 1912లోనైతే ఇది చెల్లిపోయేదేమో.

హైడ్రా చేతిలో జేసీబీలున్నాయి. నాలా కట్టే ఎస్టిమేట్ మాత్రం ఇంకా వేరే ఆఫీసులోనే తయారవుతుంది. రోడ్డు తవ్వడానికి పర్మిషన్ ఇంకొక చోట.

మా వీధి గుంతకు నాలుగో నెలలో మోక్షం వచ్చింది. తెల్లటి సీసీ రోడ్డు మధ్యలో నల్లగా తారు పోసి పోయారు. ఎవరు పోశారో ఇప్పటికీ తెలియదు. వేపకొమ్మ మాత్రం తీసి పక్కన పెట్టి, జాగ్రత్తగా మా గోడకు ఆనించి వెళ్లారు.